ఖడ్గమృగం లెక్కలోకి రాదు

బోధన్,
5 ఆగస్టు 2024, సోమవారం.

ఆశా బిడ్డకు, అవ్వ దీవెనలు.

ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, ఆపరేషన్ తర్వాత మోకాలు మడిచి బల్ల ముందు కూర్చోగలిగింది ఇవాళే. పడుకుని రాస్తే అక్షరాలు వాలిపోతాయి. వాలిన అక్షరాలతో నేను ఎవరికీ ఉత్తరం పంపను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఆఁ అవ్వా, ఆఁ అవ్వా" అంటూ వేరే పని చేసుకుంటావు. ఉత్తరం చదివావో లేదో జవాబులో తెలిసిపోతుంది. కాబట్టి నువ్వూ చేత్తో రాసి పంపు. దిద్ది మార్కులు వేస్తాను.

నిజామాబాద్ ఆసుపత్రి సంగతులు మీ నాన్న చెప్పే ఉంటాడు. పాల్ రాజ్‌కు వరసగా చెప్పడం చిన్నప్పుడే రాలేదు. నేను వరసగా చెబుతాను.

వార్డులో కిటికీ వైపు మూడు మంచాలు. నడుమ నాది. కుడి పక్క గోదావరి: నిజామాబాద్ మనిషే, పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుడుతోంది. చదువు లేదు, నోరు మాత్రం చాలా ఉంది. ఎడమ పక్క ఈరవ్వ: జక్రాన్‌పల్లి, పసుపు పండించే ఇల్లు. ముగ్గురివీ మోకాళ్లే. ముగ్గురమూ మీ బృందం చేస్తున్న అధ్యయనానికి ఒప్పుకున్నవాళ్లమే.

ఆపరేషన్‌కు ముందురోజు అఖిలేష్ అనే ఆయన వచ్చి రక్తం తీసుకుని, తెర చాటున కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. ఐదు మాటలు చెప్పి, కాసేపటికి వాటిని తిరిగి చెప్పమంటాడు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పమంటాడు. అంతా రికార్డు చేస్తాడు. ఆపరేషన్ తర్వాత ఐదో రోజు మళ్లీ రక్తం, మళ్లీ అవే ప్రశ్నలు అని ముందే చెప్పి పోయాడు. అవే, ఆశా! ఒకే ప్రశ్నపత్రం రెండుసార్లు ఇచ్చే బడిని మొదటిసారి చూశాను.

మొదటిసారి గోదావరి పదకొండు జంతువులే చెప్పగలిగింది. తెర దాటి వచ్చి, "ఫేలైనట్టే టీచరమ్మా, నా మతి ఉత్తదే" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. రెండోసారి ముగ్గురికీ అన్నీ సరిగ్గా వచ్చాయి. అఖిలేష్ నోరు తెరిచాడు. ఎలా సాధించామని అడగకు. నా చేతి కింద చదివినవాళ్లు తప్పడం బోధన్‌లో ఎవరూ చూడలేదు.

నిన్న గోదావరి కోడలు వినీత ఫోన్ చేసింది. అత్త చాయ్‌లో ఉప్పు వేస్తోందట, మాట మధ్యలో ఆగిపోతోందట. "నిజంగనే మర్సిపోతుందా, పని తప్పించుకునేటందుకు నాటకమా మేడమ్?" అని అడిగింది. పూర్తి మార్కులు తెచ్చుకున్న మనిషికి మతిమరుపు ఏమిటి, అది బద్ధకం, కొంచెం గట్టిగా ఉండు అని చెప్పాను.

మా రక్తం దిద్దేది మీ హైదరాబాద్ ల్యాబ్‌లోనే కదా. ముగ్గురిలో ఫస్టు ఎవరు?

నీ అవ్వ,
లిడియా.

—

తార్నాక, హైదరాబాద్,
19 ఆగస్టు 2024.

అవ్వకు ఆశా వందనాలు.

చేత్తో ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో. వేలు నొప్పి పుడుతోంది. నొప్పికి ఒక మార్కు కలుపు.

ఫస్టు ఎవరో నాకు తెలియదు, తెలిసినా చెప్పకూడదు. మా దగ్గరికి వచ్చే గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే. రికార్డింగుల మీద వేరే నంబర్లు. ఎవరిది ఏదో తెలిసేది మీ ఆసుపత్రిలో ఈ అధ్యయనం చూసే డాక్టర్ భాగ్యలక్ష్మి గారికి మాత్రమే.

మేం ఏం వెతుకుతున్నామో చెబుతాను. మెదడులోని నరాల కణాలకు పొడవైన తోకలుంటాయి. ఆ తోకలు వంగిపోకుండా లోపల సన్నని పోగులుంటాయి. కణం దెబ్బతింటే ఆ పోగుల తునకలు రక్తంలోకి కొట్టుకొస్తాయి, చాలా చాలా తక్కువగా. రుద్రూర్ కాలువలో చెరకు పిప్పి తేలుతూ వస్తే, ఎగువన ఎక్కడో గానుగ ఆడుతోందని గట్టు మీద నిలబడే చెప్పేస్తావు కదా, అలాగ. పెద్ద వయసులో ఆపరేషన్ అయ్యాక కొందరికి మతి మసకబారుతుంది. కొందరు వారంలో తేరుకుంటారు, కొందరికి నెలలు పడుతుంది, కొందరు అలాగే ఉండిపోతారు. ఎవరు ఏ దారిన పోతారో ఈ పిప్పిని చూసి ముందే చెప్పగలమా? అదే మా ప్రశ్న.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. మీ ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్ని నంబర్లలో ఆపరేషన్ తర్వాత పిప్పి బాగా పెరిగింది. కాని అక్కడి జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఎవరికీ ఏమీ తగ్గలేదు, పైగా పెరిగాయి. లెక్కలు చూసే మా సార్ మీటింగులో "మీ రక్తం అబద్ధమాడుతోందమ్మా" అన్నారు. రెండేళ్ల పని, అవ్వా.

వార్డులో మీరు పొద్దు ఎలా గడిపేవాళ్లు? ఊరికే అడుగుతున్నాను.

ఇంకొక మాట. దయచేసి ఎవరి విషయంలోనూ "బద్ధకం" అనకు. ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలియకపోవడం బద్ధకం కాదు.

ఆశా.

—

బోధన్,
2 సెప్టెంబర్ 2024.

ఆశా బిడ్డకు,

ఉత్తరానికి పదికి ఆరు. విషయానికి ఎనిమిది ఇచ్చి, నాకు బుద్ధి చెప్పినందుకు రెండు తీసేశాను. కాలువలో పిప్పి పోలిక బాగుంది. వేలి నొప్పికి మార్కులుండవు.

వార్డులో పొద్దు ఎలా గడిచిందని అడిగావు. ప్రార్థన చేసుకున్నాం. గోదావరి బతుకమ్మ పాటలు పాడింది. కొన్ని వల్లె వేశాం. వల్లె వేయడం నేరమేమీ కాదు. మీ సార్ లెక్కలు ఇంకోసారి చూసుకోమను.

వినీత మళ్లీ ఫోన్ చేసింది. గ్యాస్ తిప్పి వెలిగించకుండా వదిలేసిందట గోదావరి. ఇప్పుడు కొడుకూ కోడలూ పనికి పోయేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి పోతున్నారు. "పరీక్షల పాసైన మనిషి మేడమ్, నన్ను సతాయించుడే గది" అంది. ఈసారి నేను గట్టిగా ఉండమనలేదు.

తర్వాత గోదావరికి ఫోన్ ఇమ్మన్నాను.

ఇక్కడ నాలుగు పంక్తులు రాసి కొట్టేశాను. కొట్టివేత ఉన్న ఉత్తరాన్ని చించి మళ్లీ రాయడం నా అలవాటని నీకు తెలుసు. ఇవాళ ఎందుకో చించబుద్ధి కాలేదు.

అవ్వ.

—

హైదరాబాద్,
14 సెప్టెంబర్ 2024.

అవ్వా,

ఈ వారం రికార్డింగులు విని సరిచూసే పని నాకు పడింది. నిజామాబాద్‌వి తీశాను. ఒక ఆడమనిషి గొంతు, చదువుకున్న గొంతు కాదు. "జంతువుల పేర్లు చెప్పండమ్మా" అన్నారు అఖిలేష్. ఆమె ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది: అడవిపంది, ఆవు, ఇర్రి, ఉడుత, ఊసరవెల్లి, ఎలుగుబంటి, ఏనుగు, ఒంటె, కంచరగాడిద, గడ్గమురుగం.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఇంకొకటి పెట్టాను. వేరే గొంతు. అడవిపంది, ఆవు, ఇర్రి.

అవ్వా, ఆ వరస నాది. ఒకటో తరగతికి ముందు బోధన్ ఇంటి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, అక్షరమాల క్రమంలో ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు నేర్పావు. "ఈగ జంతువు కాదు, ఈ దాటెయ్యి" అన్నావు. వాళ్లిద్దరూ ఈ దాటేశారు! పైగా మొదటి రికార్డింగులో ఆమె ఏనుగు దగ్గర తడబడితే తెర అవతల ఎవరో గొంతు సవరించారు. రికార్డింగులకు నంబర్లు వేస్తాం గానీ నీ గొంతు సవరింపుకు నంబరెందుకు?

ఆ ఐదు మాటలు కూడా నువ్వే వల్లె వేయించావు, కదా?

ఇది పాసయ్యే పరీక్ష కాదు. థర్మామీటర్. జ్వరం ఉన్నవాళ్ల నోట్లోంచి దాన్ని తీసి నువ్వు చన్నీళ్లలో ముంచావు. ఇప్పుడు దాని ఫలితం విను. రక్తంలో అంకె బాగా పెరిగినవాళ్ల పరీక్ష కూడా తగ్గితే డాక్టర్ భాగ్యలక్ష్మి గారు వాళ్లను వెంటనే మళ్లీ పిలిచి చూస్తారు. పరీక్ష బాగుంటే ఆగుతారు. నేను ఆమెకు అంతా చెప్పాను, నీ పేరుతో సహా. ఆమె తన పట్టిక తీసి చూశారు. తర్వాత ఒక్కటే అన్నారు: "ఆ ముగ్గురిలో ఒకరిని నేను ఆగస్టులోనే పిలవాల్సింది. మార్కులు చూసి పిలవలేదు."

ఎవరో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఈరవ్వ కావచ్చు, గోదావరమ్మ కావచ్చు. నువ్వు కూడా కావచ్చు అవ్వా, ఆ మాట రాయడానికి చాలాసేపు పట్టింది. ముగ్గురికీ ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది. దయచేసి వెళ్లు. ఏమీ వల్లె వేయకుండా వెళ్లు.

ఆశా.

—

నిజామాబాద్,
23 సెప్టెంబర్ 2024, సాయంత్రం.

ఆశా బిడ్డకు,

నీ ఉత్తరానికి మార్కులు వేయలేదు. ఈసారి దిద్దే హక్కు నాకు లేదు. గోదావరి ఇంట్లో, బీడీల చాట పక్కన కూర్చుని రాస్తున్నాను.

ముందు నా గురించే భయపడ్డాను. మీ నాన్నను పిలిచి, నాకు తెలియని ఐదు మాటలు చెప్పి గంట తర్వాత అడగమన్నాను. ఐదూ చెప్పాను. వాడే రెండు మరిచిపోయాడు. ఊపిరి పీల్చుకుని, మరుక్షణం సిగ్గుపడ్డాను. ఈరవ్వకు ఫోన్ చేస్తే, వార్డులో నేను తన దువ్వెన తీసుకుని ఇవ్వలేదని ఇప్పటికీ తిట్టింది, దువ్వెన రంగుతో సహా. ఆమెకు ఏమీ కాలేదు. ఇక మిగిలింది ఒక్కరే. మొన్న నేను కొట్టేసిన నాలుగు పంక్తులు ఇవి: ఫోన్‌లో గోదావరి నన్ను గుర్తుపట్టలేదు. టీచరమ్మనని చెప్పగానే, అడక్కుండానే "అడవిపంది, ఆవు" అని మొదలుపెట్టింది.

ఆసుపత్రి వాళ్లు పిలిస్తే వినీత రానన్నదట. పాసైన మనిషిని మళ్లీ ఎందుకు తిప్పాలి, పనికి పోతే పూట గడుస్తుంది అన్నదట. అందుకే నేనే బస్సెక్కాను. "నీ కాలు ఇంకా మానలేదమ్మా" అన్నాడు పాల్ రాజ్. కాలు మానకపోతే ఊతకర్ర ఉంది, దానికి మోకాలు లేదు అన్నాను.

నేను చేరేసరికి వినీత అప్పుడే గొళ్ళెం పెడుతోంది.

"మేడమ్! గీ కాలుతోని ఎందుకొచ్చిండ్రు?"

"తలుపు తియ్యి బిడ్డా."

గోదావరి గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేళ్లు చకచకా ఆడుతున్నాయి. తునికాకు కత్తిరిస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది. దగ్గరికి వెళ్లి ఒక బీడీ తీసి చూశాను. లోపల పొగాకు లేదు. చాటలో ఉన్నవన్నీ ఉత్త ఆకులే. పొగాకు డబ్బా మూత తీయకుండా పక్కనే ఉంది.

"గోదావరీ, నేనెవరిని?"

నా మొహం చూసింది, ఊతకర్ర చూసింది. "సారు అచ్చిండా? సెప్తా, సెప్తా. అడవిపంది, ఆవు, ఇర్రి, ఉడుత…" గడ్గమురుగం దాకా చెప్పి, "మంచిగ సెప్పిన్నా?" అని నా తల వైపు చూసింది. వార్డులో ప్రతిసారీ నేను తల ఊపేదాన్ని. ఇవాళ ఊపలేకపోయాను.

"పొద్దున ఏం తిన్నవ్?"

"ఎవ్వలు పెట్టిండ్రు తినేటందుకు?"

వినీత గయ్యిమంది. "సూసిండ్రా మేడమ్! రెండు జొన్నరొట్టెలు తిన్నది, నా సేతుల పెట్టిన. గల్లీల అందరికి గిట్లనే చెప్తుంది, కోడలు ఎండబెడ్తున్నదని. నేను బద్నాం అయిపోయిన. పాసైన మనిషి గిట్ల మాట్లాడితె నాటకం గాదా?"

"వినీతా, ఆమె పాస్ కాలేదు. నేను పాస్ చేయించిన. ప్రశ్నలు ముందే తెలుసుకుని జవాబులు నోటికి పట్టిచ్చిన."

ఆ పిల్ల నా వైపు అలాగే చూసింది. "మీరే గదా మేడమ్ గట్టిగ ఉండుమన్నది?"

"నేనే అన్న. తప్పు చెప్పిన."

"అయితే ఇన్ని దినాల సంది… నేను ఈమెను ఉత్తగనే తిట్టిన్నా?" గడప మీద కూలబడి ఏడ్చింది. గోదావరి చాట పక్కన పెట్టి, లేవలేక దేకుతూ వెళ్లి కోడలి తల నిమిరింది. "ఎవ్వలేమన్నరు బిడ్డా? సెప్పు, నేనడుగుత" అంది.

ఏడుపు తగ్గాక వినీతే లేచి గూట్లోంచి ఒక గోలీల పట్టీ తెచ్చింది. అత్తకు నిద్ర పడతలేదంటే మందుల షాపులో ఇచ్చారట. ఒకటి పని చేయకపోతే రెండు వేస్తోందట. ఆపరేషన్ నుంచి ఇప్పటిదాకా, డాక్టరుకు తెలియకుండా.

అప్పటికప్పుడు ఆటో పిలిచాం. డాక్టర్ భాగ్యలక్ష్మి గారు నన్ను తెర దగ్గరికి కాదు, గది దగ్గరికే రానివ్వలేదు. సరైన పనే. కొత్త మాటలు ఐదు చెప్పారట, ఒక్కటీ తిరిగి రాలేదు. జంతువులు వద్దు, కూరగాయలు చెప్పమన్నారట. రోజూ మార్కెట్‌కు పోయే మనిషి మూడు చెప్పి ఆగిపోయింది.

బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఫేలైన్నా టీచరమ్మా?"

నన్ను గుర్తుపట్టింది, ఆశా. ఆ ఒక్క నిమిషం గుర్తుపట్టింది.

"లేదు. ఇవాళే నువ్వు పరీక్ష సరిగ్గ రాసినవ్" అన్నాను.

అవ్వ.

—

హైదరాబాద్,
7 అక్టోబర్ 2024.

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో చూసి రిజల్టు పోయిందా అని అడిగారు. కాదు, వచ్చిందన్నాను.

గోదావరమ్మా, ఆమె కొడుకు రాజేష్ గారూ ఒప్పుకున్నారు కాబట్టి, ఏం రాయొచ్చో డాక్టరు గారిని అడిగి రాస్తున్నాను. పిలవాల్సిన మనిషి ఆమే. జూలైలోనే ఆమె రక్తం చెప్పింది. మేమే వినలేదు.

ఆ అంకె ఒక్కటే జబ్బు పేరు చెప్పదు. వయసు వల్లా పెరుగుతుంది, కిడ్నీ బాగా లేకపోయినా పెరుగుతుంది. అది "ఇక్కడ చూడండి" అనే వేలు మాత్రమే. వేలు చూపిన చోట డాక్టరు గారు చూశారు. రెండు దొరికాయి. ఒకటి ఆ నిద్రగోలీలు. ఆ వయసులో, ఆపరేషన్ అయిన మెదడు మీద అవి దుప్పటి కప్పినట్టు పనిచేస్తాయట. ఒక్కసారి ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. రెండోది బి12 విటమిన్, చాలా తక్కువగా ఉంది. దానికి సూదులు. రెండూ సరిచేయగలిగినవే. మిగతాది మెదడు తనంతట తాను మానాలి. మానుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు, నేనూ ఇవ్వను.

గొళ్ళెం మాత్రం తీయించు. మనుషుల మధ్య ఉండటం, పగలు కూర్చుని మాట్లాడటం, రాత్రి గోలీ లేకుండా పడుకోవడం: ఇవి కూడా మందులే.

వినీతతో చెప్పు, ఆమె తప్పు లేదని. నీతో నేను గట్టిగా మాట్లాడాను. క్షమించమని అడగను. అడిగితే మార్కులు తీసేస్తావు.

ఆశా.

—

బోధన్,
2 డిసెంబర్ 2024.

ఆశా బిడ్డకు,

పోయిన ఉత్తరానికి ఎనిమిదిన్నర. క్షమించమని అడగనందుకు అర మార్కు కలిపాను.

సద్దుల బతుకమ్మ నాడు గోదావరి పాట ఎత్తుకోలేకపోయిందట. మొదటి మాట రాక, వరసలో నిలబడి చప్పట్లు మాత్రం కొట్టిందట. అది విన్న రోజు నేను ప్రార్థనలో చాలాసేపు ఉన్నాను. నిన్న అత్తాకోడళ్లు బస్సెక్కి బోధన్ వచ్చారు. ఆదివారం కదా, చర్చి నుంచి నేను వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చెరకు ట్రాక్టర్లు ఇంటి ముందు నుంచే పోతున్నాయి. గోదావరి చెప్పులు లేకుండా రోడ్డు మీదికి దిగి, ట్రాక్టరు వెనకనుంచి ఒక గడ లాగేసింది.

"అత్తమ్మా, దొంగతనం! మేడమ్ ఏమనుకుంటరు?"

"టీచరమ్మకన్న ముందుగల్ల నేను కాపీ కొట్టుడు ఆపిన గని, సెరుకు గుంజుడు ఆపుతనన్ననా?"

విన్నావా? కాపీ కొట్టడం గుర్తుంది! వినీత నాతో పక్కకు వచ్చి, "ఇప్పుడు నాతోని రోజు కొట్లాడుతుంది మేడమ్. మంచిగైతుంది" అంది. అత్త కొట్లాడితే ఇంత సంతోషించే కోడలిని నేను ఇంతవరకు చూడలేదు. పొగాకు డబ్బా మూత ఇప్పుడు తనే తీస్తుందట. మొన్న మాత్రం ఇంటి దారి తప్పి రెండు గల్లీలు అటు పోయింది. అదీ రాయాలి కదా, రాశాను.

గడ నములుతూ గోదావరి అడిగింది: "గది సరే, గా గడ్గమురుగం ఎట్లుంటది టీచరమ్మా?"

"ముక్కు మీద కొమ్ముంటది."

"ముక్కు మీదనా! నువ్వు సూసినవా?"

ఆలోచించాను. పుస్తకంలో బొమ్మ తప్ప చూడలేదు. చూడలేదన్నాను.

"నువ్వే సూడనిదాన్ని నాకెట్ల నేర్పినవ్?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ అడగని ప్రశ్న.

అవ్వ.

—

హైదరాబాద్,
13 జనవరి 2025.

ప్రియమైన అవ్వకు,

నిలబడి చదువు. సరే, మోకాలి కోసం కూర్చునే చదువు.

డిసెంబర్‌లో తీసిన గోదావరమ్మ రక్తంలో అంకె దిగింది. బహుశా ఇంకా దిగుతుంది. ఆమెకు మళ్లీ పరీక్ష 27న. అంకె దిగినంత మాత్రాన మతి తిరిగి వచ్చిందని అనుకోలేం. ఆ సంగతి ఆమె నోటితోనే తెలియాలి.

ఇంకొకటి. మీ వార్డులో వల్లె వేయించిన రికార్డింగులను పక్కన పెట్టి, కొత్త మాటలతో మళ్లీ పరీక్షించిన వాటిని కలిపి లెక్క కట్టారు. రక్తం చూపిన చోటే మతి తగ్గింది, చాలామందిలో. అందరిలో కాదు. ఒక్క ఆసుపత్రి, కొద్దిమంది. బహుశా ఇంకా రెండేళ్లు చూడాలి. అయినా లెక్కల సార్ మీటింగులో లేచి, "రక్తం అబద్ధమాడలేదమ్మా, మనుషులే ఆడారు" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. బహుశా నేనే అందరికంటే గట్టిగా.

కొత్త నియమాలు వచ్చాయి. ప్రతిసారీ వేరే మాటల పట్టిక. అంతేకాదు, "పరీక్ష గదికి దగ్గరలో బంధువులు, తోటి రోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు ఉండరాదు." చివరి మాట డాక్టరు గారు స్వయంగా రాయించారు. మా దగ్గర దానికి లిడియా నియమం అని పేరు.

27న నువ్వు గేటు బయటే ఉండు అవ్వా.

ఆశా.

—

బోధన్,
28 జనవరి 2025, మంగళవారం.

ఆశా బిడ్డకు, అవ్వ దీవెనలు.

గేటు బయట ఉన్నాను. చాయ్ బండి దగ్గర బల్ల మీద, ఊతకర్ర లేకుండా. గొంతు ఒక్కసారి కూడా సవరించలేదు.

లోపల ఏం జరిగిందో గోదావరి తన నోటితో చెప్పింది. నేను నమ్మలేదు. తన రికార్డింగు టీచరమ్మకు వినిపించమని ఆమే పట్టుబడితే, డాక్టరు గారు పరీక్ష ముగిశాక లోపలికి పిలిచి వినిపించారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

కొత్త మాటలు ఐదింటిలో నాలుగు తిరిగి చెప్పింది. తర్వాత అఖిలేష్ జంతువుల పేర్లు అడిగాడు. నా చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. అడవిపంది అంటుందేమోనని.

"మ్యాక. మా మ్యాకపిల్ల, దానికి రెండు సెవులు తెలుపు. గల్లీ కుక్క. పిల్లి. బర్రె. దున్న. గాడిద. కోతి, పొద్దున నా రొట్టె ఎత్తుకపోయింది, దొంగముండ. పంది. ఎలుక. ముంగిస. కుందేలు. నక్క. ఎద్దు." ఇక్కడ ఆగింది. టైం అయిపోతోందని అఖిలేష్ అన్నాడు. "ఆగు సారూ, ఇంకోటున్నది. గడ్గమురుగం." మళ్లీ వెంటనే, "గది వద్దు. గది టీచరమ్మది, నాది గాదు. లెక్కల రాసుకోకు" అంది.

డాక్టరు గారు టేప్ ఆపేశారు. మ్యాకనూ మ్యాకపిల్లనూ ఒకటిగా లెక్కపెట్టినా పదమూడు. ఆపరేషన్‌కు ముందు పదకొండు చెప్పిన మనిషి. డాక్టరు గారన్నారు: "పేర్లు ఎన్ని చెప్పిందన్నది అలా ఉంచండి టీచర్. ఏది తనది, ఏది ఎవరో తన నోట్లో పెట్టింది అన్నది గుర్తుంది చూశారా, అది తిరిగి వస్తుందని నేను అనుకోలేదు."

వినీత ఆసుపత్రి వరండాలో అత్తను పట్టుకుని గిరగిరా తిప్పింది. కొత్త మోకాలు, ఆగవే పిల్లా అని గోదావరి అరుస్తోంది. నేను కూడా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, దానికి పరీక్ష అక్కర్లేదు.

నీ ఉత్తరానికి తొమ్మిది. "బహుశా" మూడుసార్లు వాడావని ఒకటి తగ్గించాను. తర్వాత ఆలోచిస్తే, గోదావరిని కాపాడింది ఆ మాటే. నేను ఒక్కసారి "బహుశా" అని ఉంటే వినీత గొళ్ళెం పెట్టేది కాదు. కాబట్టి పదికి పది. ఇంతకుముందు నేను ఎవరికీ ఇవ్వలేదు, దాచుకో.

ఇక జరగాల్సినవి:

1. గోదావరి బి12 సూది తేదీ తప్పకూడదు. వినీత ఫోన్‌లో గుర్తు పెట్టుకుంది. అయినా ముందురోజు నేను గుర్తు చేస్తాను.

2. డాక్టరు చెప్పకుండా నిద్రగోలీ ఎవరూ కొనకూడదు. ఆ గల్లీలో ఇంటింటికీ చెప్పే పని వినీత తీసుకుంది. ఆమె గొంతు అందుకు చాలు.

3. మార్చిలో ఈరవ్వ రెండో మోకాలి ఆపరేషన్. ఆమెకు పరీక్ష అయ్యేవరకు నేను జక్రాన్‌పల్లి వైపు పోను, ఫోన్ చేయను. దువ్వెన మాత్రం పోస్టులో పంపుతాను.

4. ఇకపై పరీక్షలకు కొత్త మాటల పట్టికలు కావాలట. మన పల్లె మనుషులకు తెలిసిన మాటలతో తయారుచేయమని డాక్టరు గారు నన్నే అడిగారు. దొంగకే తాళం చేయమన్నట్టు. చేస్తాను. అందులో ఏముందో నీకు కూడా చెప్పను.

5. రక్తం పని నువ్వు ఆపకూడదు. రెండేళ్లయినా, ఐదేళ్లయినా.

6. వేసవి ఎండలు ముదరకముందే గోదావరి, వినీత, నేను హైదరాబాద్ వస్తున్నాం. నువ్వు సెలవు పెట్టి మమ్మల్ని జూకు తీసుకెళ్లాలి. మిగతావి తర్వాత, ముందు ఖడ్గమృగం. గోదావరి దాన్ని తన కళ్లతో చూడాలి, నేనూ చూడాలి. అప్పుడు అది ఆమెది అవుతుంది. మళ్లీ పరీక్షలో చెబితే అఖిలేష్ రాసుకోవచ్చు.

నీ అవ్వ,
లిడియా.